తరుగు లెక్క

హైదరాబాద్ ఉస్మాన్‌గంజ్‌లో ఒక సేటు ఉండేవాడు. పప్పులు, చింతపండు, ఎండుమిర్చి టోకున అమ్మే అడ్తి కొట్టు ఆయనది, తాతల నాటిది. కొట్టు వెనక గోదాము, గోదాము వెనక బండలు పరిచిన వాకిలి, వాకిలికి అవతల సందులో హమాలీల బస్తీ. తెల్లవారుజామున లారీ దిగిన బస్తా పొద్దుగూకేలోగా చిల్లర కొట్టుకు చేరాలి. అందాకా ఆ సందుల్లో ఎవరి కాళ్లకూ తెరిపి ఉండదు.

ఒక ఏడు గంజ్‌లో బేరాలు బాగా సాగాయి. ధర్మానికని బస్తాకింత చొప్పున తీసిపెట్టిన సొమ్ము పెద్ద మొత్తమే అయింది. దాన్నేం చేద్దామని అడ్తిదారులంతా కూచున్నారు. గుడి కడదామన్నారు కొందరు. ధర్మశాల అన్నారు ఇంకొందరు. సేటు మాత్రం, "మన బస్తాలు మోసేవాళ్ల పిల్లలకు ఏడో తరగతి దాకానే బడి ఉంది. ఆపైన లేదు. హైస్కూలు కడదాం" అన్నాడు. కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఎంత బడి కావాలో తేల్చే పని సేటుగారి గుమాస్తా మీద పడింది. లెక్కల్లో పైసా పోనివ్వని మనిషి. బస్తీలోని రెండు బడులకూ వెళ్లి హాజరు పట్టీలు చూసి వచ్చాడు. "ఏడో తరగతిలో రెండు బడులకూ కలిపి పదహారు మంది ఉన్నారు. వచ్చే ఏడు ఎనిమిదికి వచ్చేది ఆ పదహారే. దీనికి బడెందుకు సేటూ, రెండు గదులు చాలు" అన్నాడు.

ఇంతలో ఇంకో అడ్తిదారు లేచాడు. ఊరి బయట తనకు భూమి ఉందనీ, అందులో ఐదెకరాలు బడికి ఊరికే ఇస్తాననీ చెప్పాడు. ఆ చుట్టూ ఉన్న మిగతా భూమిని ఆయన ప్లాట్లు వేస్తున్నాడు. బడి వస్తే ప్లాట్ల ధర పెరుగుతుందని అందరికీ తెలుసు. ఆయనా దాచలేదు. ఐదెకరాలు ఊరికే వస్తుంటే గంజ్‌లో గజం లెక్కన ఎవరు కొంటారు? రేపు సంతకాలు పెట్టేద్దామనుకుని లేచారు.

ఆ గంజ్‌లో గింజలు ఊడ్చుకునే అవ్వ ఒకతి ఉండేది. పాలమూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చింది. కొట్లు తెరవకముందే వచ్చి, కింద రాలిన కందిపప్పో పెసలో చీపురుతో కూడదీసి, చాటలో చెరిగి, మట్టీ రాయీ వేరుచేసి సంచిలో పోసుకునేది. మరునాడు సేటు పొద్దున్నే కొట్టుకొచ్చేసరికి అవ్వ నిండు బస్తా ఒకటి తెచ్చి కాంటా పక్కన పెట్టింది.

"సేటూ, తూకం పెట్టి పైసలియ్యి. నీ వాకిట్లయే ఇవి. రెండు నెల్లది."

సేటు బస్తా వంక చూశాడు. "నా వాకిట్లో ఇంత రాలిందా? నా లెక్కలో లేదే!"

"నీ లెక్కల ఉంది సేటూ. తరుగు అని రాస్తరు గద."

సేటుకు నవ్వొచ్చింది. బస్తాను కాంటా మీదికి ఎత్తించాడు. అవ్వకు పైసలిస్తూ, "అవ్వా, ఇంత వాకిలి ఊడవడానికి నీకెంత సేపు పడుతుంది?" అని అడిగాడు.

"అంత ఎవరూడుస్తరు? మూడు జాగల్లనే రాలుతయి. గోదాము గడప తాన బండి ఎగిరిపడ్తది. మోరీ దాటేకాడ బస్తా ఒరుగుతది. మూల తిరిగేకాడ మూతి కుట్టు ఇడుస్తది. గాడనే ఊడుస్త. మిగిలిన జాగల ఏముంటది?"

సేటు ఒక్క క్షణం మాట్లాడలేదు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, బడి కడుతున్నామని చెప్పి, "మీ ఇంట్లో చదివే పిల్లలెవరైనా ఉన్నారా అవ్వా?" అన్నాడు.

"మనుమరాలు ఉంది. ఐదు పాసయింది. ఇప్పుడు ఇంట్ల చింతపండు గింజ తీస్తది."

"మరి మా గుమాస్తా లెక్కలో రాలేదే?"

"మీ గుమాస్తా బళ్లె కూసున్నోళ్లను లెక్కవెట్టిండు. అది బళ్లె లేదు గద!"

ఆ రోజు సంతకాలు ఆగాయి. సేటు గుమాస్తాను పిలిచి, ఆరేళ్ల కిందటి ఒకటో తరగతి పట్టీ తెమ్మన్నాడు. ఆ ఏడు రెండు బడుల్లో కలిపి తొంభై మంది చేరారు. ఆ తొంభై మందే ఇవాళ ఏడులో ఉండాలి. ఉన్నది పదహారు. "మిగతా డెబ్బై నలుగురూ ఎక్కడున్నారో పేరు పేరునా రాసుకురా. అవ్వను వెంట తీసుకెళ్లు, ఆమెకు ప్రతి గడపా తెలుసు" అన్నాడు.

గుమాస్తా అవ్వ వెంట సందులు తిరిగాడు. ఇరవై ఐదు మంది ఫీజులు కట్టి ప్రైవేటు బడుల్లో చదువుతున్నారు. వాళ్ల గురించి దిగులు లేదు. పద్దెనిమిది మంది అమ్మానాన్నలతో వేరే ఊళ్లకు పోయారు. మిగిలిన ముప్పై ఒక్క మంది ఆ సందుల్లోనే ఉన్నారు, బడిలో తప్ప. ఒక పిల్ల తమ్ముణ్ణి చంకనేసుకుని గడపలో నిలబడింది. చిన్న తరగతుల్లో తమ్ముణ్ణి పక్కన కూచోబెట్టుకోనిచ్చేవారట, ఆరో తరగతిలో పంతులు వద్దన్నాడట. ఒక పిల్లవాడికి టీసీ లేదు. వాళ్ల నాన్న పని వెతుక్కుంటూ రెండు ఊళ్లు మారితే కాగితాలు మొదటి ఊళ్లోనే ఉండిపోయాయి. ఇద్దరు అక్కచెల్లెళ్లకు బడి దూరం కాదు, కానీ నడుమ లారీలు తిరిగే పెద్ద రోడ్డు ఉంది. సాయంత్రం షిఫ్టు వదిలేసరికి చీకటి పడుతుంది. ఒకళ్లు మరుగుదొడ్డికి తలుపు లేదన్నారు. ఒకళ్లు తెలుగులో చదివి వచ్చారు, పై తరగతుల్లో తెలుగు సెక్షన్ లేదు. ఒకళ్లు ఉర్దూలో చదివి వచ్చారు, పై తరగతులకు ఉర్దూ పంతులు లేడు.

చివరి సందు తిరిగి గుమాస్తా సేటు గోదాములోకే వచ్చాడు. అక్కడ ఒక కుర్రవాడు దబ్బనంతో బస్తా మూతులు కుడుతున్నాడు. అవ్వ వాడి పేరు చెప్పింది. పేరు పట్టీలో ఉంది. గుమాస్తా కలం ఆగింది. సేటు వెనకే నిలబడి ఉన్నాడు.

"రాయి" అన్నాడు సేటు. "మొదటి వరసలో రాయి."

మళ్లీ అడ్తిదారులు కూడారు. సేటు కొత్త లెక్క చదివాడు. ఎనిమిదో తరగతికి రావలసింది పదహారు మంది కాదు, నలభై ఏడు మంది. ఒక్క ఏడాదికే అంత. ఐదు నుంచి ఆరుకు, ఏడు నుంచి ఎనిమిదికి మారేచోట రాలిపోతున్నారు. ఐదెకరాల్లో ఎంత గొప్ప మేడ కట్టినా ఈ ముప్పై ఒక్క మందిలో ఒక్కరూ బస్సెక్కి అక్కడికి పోలేరు. "బడి గంజ్‌లోనే కావాలి. ఆరు నుంచి పది దాకా ఒకే కప్పు కింద ఉండాలి. నడుమ ఇంకో గడప ఉండకూడదు. నా వెనక గోదాము ఇస్తున్నాను" అన్నాడు. గోదాము అద్దె ఎంత పోతుందో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు.

భూమి ఇస్తానన్న అడ్తిదారు మొహం చిన్నబోయింది. అప్పుడు అరుగు కింద కూచున్న అవ్వ అంది: "ఆ జాగ వద్దనకుర్రి సేటూ. ఇయ్యాల ఆడ ఇండ్లు లెవ్వు. రేపు లేస్తయి. ఇండ్లు లేసినంక బడికి జాగ యాడ దొరుకుతది? ఇప్పుడే రాయించుకోర్రి. గోడ పెట్టి ఉంచుర్రి."

అడ్తిదారు చాలా సేపు ఆలోచించాడు. ఐదెకరాలన్నవాడు రెండెకరాలు బడి పేర రిజిస్టరు చేసిచ్చాడు. గంజ్ గోదాములో ఆ జూన్‌లో బడి మొదలైంది. ముప్పై ఒక్క మందిలో పందొమ్మిది మంది తిరిగి వచ్చారు, పన్నెండు మంది రాలేదు. అవ్వ మనుమరాలు వచ్చింది. మూతులు కుట్టే కుర్రవాడు ఏడాది ఆలస్యంగా వచ్చాడు. పదేళ్లకు ఊరి బయట మూడెకరాలూ, వాటి చుట్టూ వందెకరాలూ ఇళ్లతో నిండిపోయాయి. గోడ కట్టిన రెండెకరాలు మాత్రం మిగిలి ఉన్నాయి. అక్కడ రెండో బడి లేచింది.

నీతి

ఊరికి ఎన్ని హైస్కూళ్లు కావాలో తరగతిలో కూచున్న పిల్లలు చెప్పలేరు. లేచి వెళ్లిపోయిన పిల్లలే చెప్పాలి. బడికి జాగా మాత్రం పిల్లలు రాకముందే తీసిపెట్టాలి.

ఈ కథలోని సేటు, అవ్వ నేను అల్లిన మనుషులు. వాళ్లు చేసిన లెక్క మాత్రం ఏ ఊరికైనా చేయదగ్గది. మన దగ్గర బడుల ప్రణాళిక ఇప్పటికీ ఎక్కువగా దూరాన్ని బట్టి నడుస్తుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న విద్యాహక్కు చట్టం కింది నిబంధనలు కిలోమీటరులోపు ప్రాథమిక పాఠశాల, మూడు కిలోమీటర్లలోపు ప్రాథమికోన్నత పాఠశాల ఉండాలన్నాయి. 2009లో కేంద్రం తెచ్చిన రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్ ఐదు కిలోమీటర్లలోపు హైస్కూలు అంది. పల్లెలకు ఈ కొలత ఎంతో మేలు చేసింది. కానీ అదే కొలతతో ఉస్మాన్‌గంజ్ నడిబొడ్డున సూది గుచ్చి ఐదు కిలోమీటర్ల గుండ్రం గీయండి. చార్మినార్, నాంపల్లి, కాచిగూడ, మలక్‌పేట అన్నీ అందులో పడతాయి. పటం మీద లోటే కనబడదు. 2011 జనగణన నాటికి హైదరాబాద్ జిల్లాలో చదరపు కిలోమీటరుకు సుమారు 18 వేల మంది ఉన్నారు. ఇంత ఇరుకులో పిల్లలకు అడ్డం పడేది కిలోమీటరు కాదు. ఒక రోడ్డు, ఒక షిఫ్టు, ఒక మాధ్యమం, ఒక కాగితం, ఒక తలుపు అడ్డం పడతాయి. వాటిని ఏ గుండ్రమూ కొలవదు.

దూరం నిజంగా అడ్డమైనచోట దాన్ని తీసేస్తే ఏం జరుగుతుందో బీహార్ చూపించింది. 2006లో ఆ రాష్ట్రం తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోమని డబ్బిచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు ఆ పథకాన్ని కొలిచి చూస్తే, మాధ్యమిక చదువులో ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగిందని తేలింది. ఆ పథకం కొత్త బడి కట్టలేదు. పిల్లలు ఎక్కడ ఆగుతున్నారో కనిపెట్టి, అక్కడే చెయ్యి అందించారు. ఉస్మాన్‌గంజ్ పిల్లకు సైకిలు అక్కర్లేదు. ఆమెకు ఏం కావాలో ఆమె గడపలో నిలబడి అడగాలి.

విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకు, అంటే ఎనిమిదో తరగతి దాకా భరోసా ఇచ్చింది. సరిగ్గా పిల్లల చేతికి పని చెప్పే వయసు వచ్చినప్పుడు చట్టం చెయ్యి వదిలేస్తుంది. కేంద్రం ఇచ్చే మధ్యాహ్న భోజనమూ ఎనిమిదితోనే ఆగుతుంది. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు మన రాష్ట్రం తన ఖర్చుతో అన్నం పెడుతూ వస్తోంది. ఇది చాలా మంచి పని, దీన్ని ఎంత పొగిడినా తప్పు లేదు. ఆకలి కూడా పిల్లలు రాలే ఒక మలుపే.

బడికి జాగా ముందే తీసిపెట్టే చూపు హైదరాబాద్‌కు లేకపోలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఊరిని ముంచింది. ఆ తర్వాత నగరాన్ని తిరిగి దిద్దుకునే రోజుల్లో నది ఒడ్డున హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రులతో పాటు ఒక హైస్కూలుకు కూడా చోటిచ్చారు. విన్సెంట్ ఎష్ గీసిన ఆ సిటీ హైస్కూలు భవనంలోకి 1921లో పిల్లలు వచ్చారు. 1929లో అది సిటీ కాలేజీ అయింది. ఉస్మాన్‌గంజ్ నుంచి ముస్లింజంగ్ పుల్ దాటితే ఇవాళ్టికీ కనబడుతుంది. నగరంలో మంచి జాగా ఏదంటే కోర్టుకు ఎంత హక్కుందో హైస్కూలుకూ అంతే ఉందని ఆనాటి వాళ్లు ఒప్పుకున్నారు. ఇవాళ్టి పటాల్లో ఆ పెద్దరికం నాకు కనబడదు. మిగిలిన మూల ముక్క బడికి వస్తోంది.

లేని పిల్లల్ని లెక్కపెట్టడమంటే ఏమిటో మాడపాటి హనుమంతరావు చేసి చూపించారు. నిజాం రాజ్యంలో పెద్ద చదువు చాలావరకు ఉర్దూలో ఉన్న రోజులవి. తెలుగు ఇళ్ల ఆడపిల్లలు హాజరు పట్టీల్లో కనబడేది చాలా తక్కువ. పట్టీలు చూసి ఉంటే తెలుగు బాలికల బడికి గిరాకీ లేదనే తేలేది. ఆయనా, ఆయన తోటివారూ పట్టీల దగ్గర ఆగిపోలేదు. 1928లో తెలుగు బాలికలకు పాఠశాల తెరిచారు. ఇక్కడ గుర్తింపు దొరక్కపోతే పూణేలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయానికి దాన్ని అనుబంధం చేసుకున్నారు. నారాయణగూడలో ఆ బడి వేళ్లూనుకున్నాక, గిరాకీ లేదన్న మాటకు చోటు లేకుండా పోయింది.

పాతబస్తీలో ఇవాళ కూడా సర్కారు బడులు అద్దె ఇళ్లలో నడుస్తున్నాయి. ఒకే ఇంట్లో రెండు మూడు బడులు సర్దుకుంటున్న చోట్లున్నాయి. వాటిలో పిల్లలు తగ్గితే, పిల్లలు లేరు గనక బడి అక్కర్లేదని రాసి పక్క బడిలో కలిపేస్తారు. పక్క బడి రోడ్డుకు అవతల ఉంటుంది. ఇంకొందరు ఆగిపోతారు. మరుసటి ఏడు అంకె ఇంకా చిన్నదవుతుంది. గుమాస్తా చెప్పిన పదహారు ఇలాగే పుడుతుంది. బడి చెడ్డదై పిల్లలు తగ్గారా, పిల్లలే లేక తగ్గారా అని తేల్చకుండా ఒక్క బడి కూడా మూయకూడదని నా గట్టి అభిప్రాయం.

2016 నుంచి వచ్చిన మైనారిటీ గురుకులాలు వేలమంది ఆడపిల్లలకు దారి చూపాయి. అయినా గురుకులం ఇల్లు వదిలి వెళ్లగలిగే పిల్లకే. తమ్ముణ్ణి చూసుకోవలసిన పిల్లకు వీధి చివర పగటి బడి కావాలి. 2022లో మొదలైన మన బస్తీ మన బడి కార్యక్రమం ఉన్న బడులకు గదులు, నీళ్లు, మరుగుదొడ్లు సమకూర్చే పని తలకెత్తుకుంది. ఉన్న బడిని బాగుచేయడం అవసరమే. లేని చోట కొత్తది పెట్టడం వేరే పని, దానికి వేరే లెక్క కావాలి. ఆ లెక్క పెద్ద విద్యేమీ కాదు. ఆరు నుంచి పది దాకా తరగతికి రెండు సెక్షన్లు, సెక్షనుకు నలభై మంది అనుకుంటే నాలుగు వందల మందికి ఒక హైస్కూలు. ఆ నాలుగు వందల మందీ ఎక్కడున్నారో వీధి వీధినా తెలియాలి, అంతే.

ఊరి అంచుల మాట కూడా చెప్పాలి. 2007 ఏప్రిల్‌లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలను కలిపి మహానగర పాలక సంస్థను చేశారు. అప్పటికి పొలాలుగా ఉన్న చోట ఇవాళ ఇరవై అంతస్తుల కట్టడాలున్నాయి. అక్కడ కొత్త కాపురాలు పెట్టినవాళ్ల పిల్లలు ఇవాళ ఒకటో తరగతిలో ఉంటే, ఎనిమిదికి రావడానికి ఏడేళ్లుంది. ఆ ఏడేళ్లూ ఆగితే జాగా ఉండదు. లేఅవుట్ పటంలో బడి అని రాసిన ముక్క అవ్వ చెప్పినట్టు గోడ కట్టి కాపాడుకుంటేనే మిగులుతుంది.

వడ్ల కొనుగోలు కేంద్రంలో బస్తాకు రెండు కిలోల తరుగు తీస్తే మన రైతు రోడ్డెక్కి అడుగుతాడు. అడగడం న్యాయం. పిల్లల తరుగు గురించి కూడా మనం అంత గట్టిగా అడగాలి. జూన్‌లో బడిబాట మీ వీధికి వచ్చినప్పుడు, ఒకటో తరగతిలో ఎంతమందిని చేర్చారని మాత్రమే అడిగి ఊరుకోకండి. మూడేళ్ల కిందట ఈ బడిలో ఐదో తరగతి పాసైన పిల్లలు ఇవాళ ఎక్కడున్నారో పేరు పేరునా రాసిమ్మని అడగండి. ఆ కాగితం పట్టుకుని మీ కార్పొరేటరు దగ్గరికీ, జిల్లా విద్యాధికారి దగ్గరికీ వెళ్లండి. హైస్కూలు ఎక్కడ కావాలో ఆ కాగితంలోనే ఉంటుంది.